కోడ్‌కి గండి పడితే డేటా ఊరి మీద పడతాది!

2022 ఏప్రిల్ 3 రాత్రి రాజాంలో పడుకున్నవాళ్లు శ్రీకాకుళం జిల్లావాళ్లు. తెల్లారి లేచేసరికి విజయనగరం జిల్లావాళ్లు అయిపోయారు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, పక్కింటి పిన్నిగారు కూడా మారలేదు. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని వాళ్లయితే అప్పటిదాకా మ్యాప్‌లోనే లేని పార్వతీపురం మన్యం జిల్లాలో తేలారు. ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, ఆ కథే ఇది.

మనుషులం త్వరగానే సర్దుకున్నాం. రాజాం ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన అన్నయ్య రెజ్యూమెలో ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటుంది, అదే కాలేజీలో చదువుతున్న తమ్ముడి రెజ్యూమెలో ‘విజయనగరం జిల్లా’ అని ఉంటుంది. ఎవరైనా అడిగితే నవ్వేసి చెప్తాం. మరి సాఫ్ట్‌వేర్ సంగతి? దానికి నవ్వడం రాదు. ‘రాజాం ఏ జిల్లా’ అన్న ఒక్క ముక్క దాని కడుపులో ఎన్నిచోట్ల రాసి ఉంటే అన్నిచోట్లా మార్చాలి.

ఒక మండలాఫీసు పనికోసం ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ రాశారనుకోండి. బాగా రాసిన దాంట్లో మండలాల పట్టిక ఒక్కటే ఉంటుంది. రాజాం వరసలో జిల్లా మార్చి, ఏ తేదీ నుంచి మారిందో పక్కన రాస్తే పని అయిపోయింది. ఆ తేదీ ఎందుకంటే, 2021లో ఇచ్చిన సర్టిఫికెట్ మీద శ్రీకాకుళమే ఉండాలి, 2023లో ఇచ్చినదాని మీద విజయనగరం ఉండాలి. ఇంకో రకం సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో జిల్లా పేరు దరఖాస్తు ఫారంలో ఒకచోట, ప్రింటయ్యే సర్టిఫికెట్‌లో ఒకచోట, వెళ్లే ఎస్సెమ్మెస్‌లో ఒకచోట, నెలాఖరు రిపోర్టులో ఒకచోట విడివిడిగా టైపు చేసేసి ఉంటుంది. వీటిలో మూడు మార్చి నాలుగోది మర్చిపోతారు. ఆ నాలుగోది ఎప్పుడో ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తును ‘జిల్లా సరిపోలడం లేదు’ అని వెనక్కి కొడుతుంది. పిల్లాడు ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. ఆఫీసులో వాళ్లేమో ‘సర్వర్ ప్రాబ్లమ్ బాబూ’ అంటారు.

నిజానికి అది సర్వర్ ప్రాబ్లమ్ కాదండీ. కోడ్‌ని పొరలు పొరలుగా కట్టకపోవడం వల్ల వచ్చిన జబ్బు. ఇలా కట్టడాన్నే ఇంజినీర్లు లేయరింగ్ అంటారు. ఫైనలియర్‌లో ఇది సిలబస్‌లో ఉంటుంది, ఐదు మార్కుల ప్రశ్నగా వస్తుంది, మూడు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు పెడితే మార్కులు పడతాయి. పరీక్ష అయ్యాక అందరం మర్చిపోతాం. కానీ ఆ మూడు డబ్బాల్ని లెక్కచేయకపోతే ఎవరి జేబుకి చిల్లు పడుతుందో, ఎవరి వేలిముద్ర వీధిన పడుతుందో చూస్తే మాత్రం మర్చిపోలేం.

గొట్టా బ్యారేజీ దగ్గర్నుంచి మొదలెడదాం

వంశధార మీద గొట్టా బ్యారేజీ చూసినవాళ్లకి ఈ సంగతి చెప్పడం చాలా తేలిక. నీళ్లు బ్యారేజీలోంచి నేరుగా మీ మడిలోకి రావు. ముందు ప్రధాన కాలువలోకి, అక్కణ్నుంచి డిస్ట్రిబ్యూటరీకి, దాన్నుంచి పిల్ల కాలువకి, ఆఖరికి మడిలోకి వస్తాయి. ప్రతి మలుపు దగ్గరా ఒక షట్టరో, తూమో, మదుమో ఉంటుంది. ఎవరికి ఎన్ని నీళ్లు, ఎప్పుడు అన్న లెక్క ఆ షట్టర్ల దగ్గరే తేలుతుంది. లస్కర్ వచ్చి తిప్పుతాడు.

సాఫ్ట్‌వేర్ కూడా అంతే. అడుగున బ్యారేజీలాంటి డేటాబేస్. పైన మడిలాంటి తెర, అంటే మీ ఫోన్‌లో కనిపించే యాప్ లేదా వెబ్ పేజీ. ఈ రెండింటి మధ్యా నియమాల పొర ఉంటుంది. ‘ఈ మనిషి ఎవరు? ఇతనికి ఏది చూపించాలి? ఏది దాచాలి? ఈ దరఖాస్తు సరైనదేనా?’ అనే ప్రశ్నలన్నీ అక్కడే అడగాలి. తెర పని అడగడం, చూపించడం. డేటాబేస్ పని దాచడం, తీసివ్వడం. ఎవరికి ఏమివ్వాలో తేల్చే పెత్తనం మధ్య పొరది.

వర్షం వెనకపట్టిన ఏడాది ఒక రైతు ఏం చేస్తాడు? ‘షట్టర్ తిప్పేదాకా ఎవడాగుతాడు’ అని రాత్రికి రాత్రి గట్టుకి గండి కొట్టేస్తాడు. ఆయన మడి తడుస్తుంది. నీళ్లు మిగిలిన మళ్లకి కాకుండా రోడ్డు మీదకి పోతాయి, శివారు భూములు ఎండుతాయి. పైగా ఆ గండి సంగతి ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. వచ్చే ఏడాది గట్టు బాగుచేసే మేస్త్రీకి అసలే తెలీదు.

కోడ్‌లో గండి కూడా సరిగ్గా ఇలాగే పడుతుంది. రేపు పొద్దున పెద్దాఫీసర్ సమీక్ష ఉంది, మండలాలవారీ లెక్కలు తెర మీద కనపడాలి. మధ్య పొరలో పద్ధతి ప్రకారం రాయాలంటే రెండు రోజులు పడుతుంది. కుర్రాడు ఏం చేస్తాడు? రిపోర్టు పేజీలోంచే నేరుగా డేటాబేస్‌కి లైను వేసేస్తాడు. అరగంటలో లెక్కలు కనబడతాయి. ‘శభాష్ రా’ అంటారు. ఆ పేజీ దగ్గర మాత్రం షట్టర్ లేదు, లస్కర్ లేడు. ఎవరు అడిగినా నీళ్లు వస్తాయి.

కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. అరగంటలో కావాలన్నది ఎవరు మరి?

‘నోలాగిన్’ అన్న చోట ‘లాగిన్’ అని రాస్తే చాలు

ఇదంతా థియరీ అనుకుంటున్నారా? 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. రాసినవాళ్లు అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించారు. నాలుగింట్లో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి చంద్రన్న బీమా, ఇంకోటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల రిపోర్టులు. మొత్తం నాలుగు పోర్టళ్లలో కలిపి 13 కోట్లకి పైగా ఆధార్ నంబర్లు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని వాళ్ల అంచనా.

ఆ నివేదికలో ఒక చిన్న వివరం ఉంది. చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. కేంద్రం నడిపే సామాజిక పింఛన్ల పోర్టల్లో మామూలు జనానికి వివరాలు సగం దాచి చూపించేవారు. బాగానే ఉంది. కానీ బ్రౌజర్ పైన అడ్రస్ బార్‌లో ‘నోలాగిన్’ అని ఒక మాట ఉండేది. దాన్ని చెరిపి ‘లాగిన్’ అని టైపు చేస్తే చాలు, దాచిన వివరాలు మొత్తం తెరుచుకునేవి. పాస్‌వర్డ్ అక్కర్లేదు!

ఇక్కడ ఏం జరిగిందో మన కాలువ లెక్కలో చూడండి. ‘ఈ మనిషి లాగిన్ అయ్యాడా లేదా’ అన్నది మధ్య పొర తన దగ్గరున్న రికార్డు చూసి తేల్చుకోవాల్సిన మాట. ఆ మాటని వచ్చినవాడినే అడిగారు. సినిమా హాల్ గేటు దగ్గర ‘టికెట్టు కొన్నావా?’ అని అడిగి, ‘ఆ, కొన్నాను’ అనగానే లోపలికి పంపినట్టు. తెర మీద పెట్టిన తాళం తాళం కాదు, తాళం బొమ్మ.

సరే, నివేదిక వచ్చింది, పేపర్లలో పడింది, పేజీలు సరిచేశారు. అయిపోయిందా? లేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కనబడుతున్నాయని అదే శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్ ఒక్కటే కాదు, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు నంబరు, ఫోన్ నంబరు, కులం, మతం కూడా. అదే రోజుల్లో ఉపాధి హామీ కూలీలకి డబ్బులు చెల్లించే పోర్టల్లో దాదాపు 89 లక్షల మంది ఆధార్ వివరాలు బయటికి కనిపించాయి. జూన్‌లో ఇంకోటి. అన్న సంజీవని మందుల షాపుల డ్యాష్‌బోర్డ్‌లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా కనబడింది. మగవాళ్ల సమస్యలకి మందు కొనుక్కున్నవాళ్ల పేర్లు కూడా! ఊళ్లో అలాంటి మాట బయటికొస్తే ఆ మనిషి తలెత్తుకు తిరగగలడా?

వీటిలో ఎక్కడా ఎవరూ తాళం పగలగొట్టలేదు. అన్నీ తలుపు తీసి ఉన్న ఇళ్లే. ప్రతిసారీ పట్టుకున్న పేజీకి తడిక అడ్డం పెట్టారు, పక్క పేజీ తెరిచే ఉంది. ఎందుకని?

నాకు తోచిన జవాబు ఇది. ‘ఆధార్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే చూపించాలి’ అన్న నియమం మధ్య పొరలో ఒక్కచోట ఉంటే, ఒక్కసారి రాస్తే, ఏ పేజీ అడిగినా నాలుగంకెలే వస్తాయి. కొత్తగా పుట్టబోయే పేజీకి కూడా అంతే. ఆ నియమం ప్రతి పేజీలో విడివిడిగా రాసుకోవాల్సి వస్తే మాత్రం నూరు పేజీల్లో తొంభైతొమ్మిది సరిగ్గా రాసినా ఉపయోగం లేదు. దొంగకి ఒక్కటి చాలు. రాజాం జిల్లా పేరు నాలుగోచోట మర్చిపోవడం, ఆధార్ నంబర్ దాచడం ఒక పేజీలో మర్చిపోవడం, ఈ రెండూ ఒకే తప్పు. మొదటిదాన్ని మెయింటెనెన్స్ సమస్య అంటాం, రెండోదాన్ని సెక్యూరిటీ సమస్య అంటాం. కంపెనీల్లో వీటికి వేర్వేరు టీములు కూడా ఉంటాయి, పాపం.

ఈ 89 లక్షలు అనే అంకె మన రెండు జిల్లాలకి ఊరికే పోయే అంకె కాదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లోనే విజయనగరం ఉంది, ఏడాది తిరిగేసరికి శ్రీకాకుళమూ చేరింది. ఎండలో చెరువు మట్టి తవ్విన అమ్మకి తన ఆధార్ నంబర్ ఏ వెబ్‌సైట్‌లో ఉందో తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా ఆమెకి లేదు. అది తెలియాల్సినవాడు ఆ పేజీ రాసినవాడు.

వేలు మనదే, ముద్ర వాడిది

నంబర్ బయటపడితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం ఇంకో కథ. భూమి రిజిస్ట్రేషన్ చేసుకున్నప్పుడు దస్తావేజు మీద వేలిముద్రలు వేస్తాం కదా. ఆ దస్తావేజులు స్కాన్ అయ్యి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోకి వెళ్లాయి. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు. వెబ్‌సైట్‌లోంచి దస్తావేజులు దింపుకుని, వాటిమీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకూ అంటే టార్గెట్ కోసం!

నాలుగేళ్ల తర్వాత, 2022లో, సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాని పట్టుకున్నారు. ఈసారి దస్తావేజులు దింపింది ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి. సిమ్‌లతో ఆగలేదు, సిలికాన్ వేళ్లతో ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బులే తీసేశారు. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర మిషన్ మీద వేలు పెట్టి పింఛనో, కూలి డబ్బులో తీసుకుంటాం చూడండి, అదే దారి. ఓటీపీ రాదు, పిన్ అడగదు. వేలే పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే?

దీన్ని కూడా పొరల లెక్కలో చూడాలి. రికార్డు గదిలో ఉండాల్సిన అసలు దస్తావేజు వేరు, జనానికి చూపించాల్సిన నకలు వేరు. అడ్డుగా మధ్య పొర ఉంటే అది నకలు తీసేటప్పుడే వేలిముద్రలున్న చోట నల్లరంగు పూసి పంపుతుంది. అది లేకపోతే గోదాంలో ఉన్న ఫైలు ఉన్నదున్నట్టు వీధిలోకి వస్తుంది. ఆ దస్తావేజు స్కాన్ చేసిన రోజుల్లో వేలిముద్రతో డబ్బులు తీయొచ్చన్న ఊహ ఎవరికీ లేదు, ఒప్పుకుంటాను. కాలం మారితే నియమం మారుతుంది. మారిన నియమాన్ని ఒక్కచోట రాయడానికి జాగా ఉందా లేదా అన్నదే ఆర్కిటెక్చర్.

(ఇక్కడో చిన్న పని. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. అమ్మావాళ్లది లాక్ చేసి పెట్టండి. మళ్లీ అన్‌లాక్ చేసేదాకా వేలిముద్రతో ఎవరూ డబ్బులు తీయలేరు. పింఛన్ల రోజు అన్‌లాక్ చేయడం మర్చిపోతే మాత్రం తిట్లు మీకే.)

యాప్ అంటే మూట

మన తరానికి వెబ్‌సైట్ల కన్నా యాప్‌లే ఎక్కువ. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా తన దగ్గరుందని ఒకడు అమ్మకానికి పెట్టాడు. తర్వాత వాళ్లదే టీఎస్‌కాప్ యాప్ పేరు కూడా బయటికొచ్చింది. పోలీసులు గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేశారు. సున్నితమైన వివరాలు, ఆర్థిక వివరాలు ఏవీ పోలేదని చెప్పారు. అయితే టీఎస్‌కాప్ యాప్ లోపల పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే రాసి ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి అప్పట్లో చెప్పారు.

యాప్ లోపల ఏముందో ఎవరు చూస్తారులే అనుకుంటాం. కానీ ఏపీకే ఫైల్ అంటే ఒక మూట. మూట విప్పే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లోకి వెళ్లిన ప్రతిదీ పరాయివాడి చేతిలో పడ్డట్టే లెక్క. అందుకే డేటాబేస్ పాస్‌వర్డ్ తెర పొరలో ఉండకూడదు. గోదాం తాళంచెవిని వీధి అరుగు మీద మేకుకి తగిలిస్తామా?

టెక్కలిలో, చింతలవలసలో, రాజాంలో ఎక్కడ ఫైనలియర్ ప్రాజెక్టులు చూసినా మాత్రం ఆ తాళంచెవి అరుగు మీదే ఉంటుంది. ఫైర్‌బేస్ వాడతారు, మొదట్లో ‘టెస్ట్ మోడ్’ అని పెడతారు. అంటే 30 రోజులు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. 30 రోజులయ్యాక యాప్ పనిచేయడం మానేస్తుంది. అప్పుడు రూల్స్ రాసుకోవాలి. ‘ఎవడు రాస్తాడు బావా’ అని ఆ తేదీని తీసుకెళ్లి 2030కి మార్చేస్తారు! ప్రాజెక్టుకి మార్కులొస్తాయి. మరుసటి ఏడాది అదే కుర్రాడు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగంలో చేరతాడు. అలవాటు కూడా వెంట వెళ్తుంది. ఇప్పుడు ఏఐతో కోడ్ రాయించుకుంటున్నాం కాబట్టి గండి ఇంకా వేగంగా పడుతుంది. ‘ఈ బటన్ నొక్కితే లిస్ట్ రావాలి’ అని మాత్రమే అడిగితే అది లిస్ట్ తెచ్చిపెడుతుంది. ఎవరికి రాకూడదో మీరు చెప్పలేదు కదా.

మనవాళ్లే ఇంత అనుకోకండి. అమెరికాలో ఈక్విఫాక్స్ అని జనం అప్పుల చరిత్ర దాచే పెద్ద కంపెనీ. 2017లో అక్కణ్నుంచి 14 కోట్ల పైచిలుకు మంది వివరాలు పోయాయి. దొంగలు దూరింది ఫిర్యాదులు తీసుకునే ఒక పాత పోర్టల్లోంచి. అందులో వాడిన అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని మార్చిలోనే ప్రపంచానికి తెలుసు, మందు కూడా వచ్చింది. కంపెనీ లోపల అది ఎక్కడెక్కడ వాడారో పూర్తిగా పట్టుకోలేక ఈ పోర్టల్‌ని వదిలేశారు. సరే, ఒక పోర్టల్ పోయింది. దానికి కావాల్సినవి 3 డేటాబేస్‌లు. కానీ లోపలికెళ్లిన దొంగలకి ఒక ఫైల్లో మామూలు అక్షరాల్లో రాసిన పాస్‌వర్డ్‌లు దొరికాయి. వాటితో ఆ పోర్టల్‌కి సంబంధమే లేని ఇంకో 48 డేటాబేస్‌లు తెరుచుకున్నాయి. ఒక మడికి గండి పడితే ఆయకట్టంతా మునిగింది.

పొరలు ఎక్కువైనా తంటానే

ఇంత చెప్పాను కదా అని రేపట్నుంచి ప్రతి చిన్న ప్రాజెక్టుకీ పదకొండు పొరలు కట్టేయకండి. అదింకో జబ్బు. కొన్ని కంపెనీల్లో కోడ్ చూస్తే మన పాత ఆఫీసుల్లో ఫైలు నడకే గుర్తొస్తుంది. ఈ పొర ఆ పొరకి ఇస్తుంది, ఆ పొర కింది పొరకి ఇస్తుంది, మధ్యలో ఎవరూ ఏ పనీ చేయరు, సంతకం మాత్రం పెడతారు. ఒక గడి కొత్తగా చేర్చాలంటే తొమ్మిది ఫైళ్లు మార్చాలి. అలాంటిచోట విసుగెత్తిన మనిషే మొదటి గండి కొడతాడు. షట్టర్ తిప్పడం మరీ కష్టమైతే గట్టు తవ్వడమే సులువనిపిస్తుంది మరి.

1972లో డేవిడ్ పార్నాస్ అనే ఆయన ఒక వ్యాసం రాశారు. ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసేటప్పుడు పనుల వరస చూసి కోయొద్దు, రేపు ఏది మారే అవకాశం ఉందో చూసి దాన్ని ఒక ముక్కలో దాచిపెట్టండి అని దాని సారాంశం. యాభై ఏళ్లు దాటినా ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు కనబడలేదు. మన దగ్గర ఏవి మారతాయో మనకి తెలీదా? జిల్లాలు మారతాయి. రాష్ట్రమే రెండయింది. తెలంగాణ బండ్ల మీద టీఎస్ పోయి 2024 మార్చిలో టీజీ వచ్చింది. పథకాల పేర్లు ప్రభుత్వం మారినప్పుడల్లా మారతాయి. పథకం పేరుని తెర మీద టైపు చేసి పెట్టినవాడికి ప్రతి ఎన్నికల తర్వాతా ఓవర్‌టైమే.

అన్నిటికన్నా తరచుగా మారేది తెర. ఇది మనకి కళ్లముందే జరిగింది. 2011లో మీసేవ వచ్చింది, కులం సర్టిఫికెట్ కోసం ఆ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయం వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చేశాయి. సర్టిఫికెట్ అదే, ఇచ్చే తహసీల్దారు అదే, తెర మూడోది. ‘ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, ఎవరు సంతకం పెట్టాలి’ అన్న నియమాలు మధ్యలో ఒక్కచోట ఉంటే నాలుగో తెర, ఐదో తెర వచ్చినా భయం లేదు. అదే నియమాలు మొదటి తెర పేజీల్లో ఇరుక్కుని ఉంటే వాటిని మూడోసారి తిరగరాయాలి. మూడు చోట్ల మూడు రకాల నియమాలుంటాయి, మోసం చేసేవాడు వాటిలో వదులుగా ఉన్న గుమ్మం చూసుకుంటాడు.

డబ్బు లెక్క కూడా ఒకటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, జాగ్రత్తలు తీసుకోక డేటా పోగొట్టుకుంటే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ‘రెండు రోజులు ఆగితే పద్ధతిగా రాస్తాను సార్’ అని చెప్పడానికి కుర్రాడికి ఇప్పటిదాకా ఏ ఆసరా లేదు. ఈ అంకె ఒకసారి చెప్పి చూడమనండి.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. ల్యాప్‌టాప్ తెరిచి రెండు నిమిషాలు చూడండి. తెర ఫైళ్లలో ఎక్కడైనా ‘సెలెక్ట్ స్టార్ ఫ్రమ్’ అని కనబడుతోందా? బటన్ వెనకాల నేరుగా డేటాబేస్ ఉందా? అయితే దాన్ని అక్కణ్నుంచి పీకి ఒక ఫంక్షన్‌లో పెట్టండి, ఆ ఫంక్షన్ మొదటి లైన్‌లో ‘అడుగుతున్నది ఎవరు’ అని సర్వర్ దగ్గరే తేల్చుకోండి. పాస్‌వర్డ్ కోడ్‌లో ఉంటే బయటికి తీయండి. అది గిట్‌హబ్‌కి ఒకసారి వెళ్లిపోయి ఉంటే చెరిపితే సరిపోదు, పాత వెర్షన్లలో ఉండిపోతుంది, పాస్‌వర్డే మార్చేయాలి. తర్వాత మీ పేరుతో లాగిన్ అయ్యి, అడ్రస్ బార్‌లో మీ నంబర్ 41 ఉన్నచోట 42 అని కొట్టి చూడండి. పక్కవాడి మార్కుల మెమో వచ్చిందా? అయితే మీకూ గండి ఉన్నట్టే. వైవాలో సార్ దీన్ని అడగకపోవచ్చు. ఇంటర్వ్యూలో మాత్రం అడిగేవాళ్లు ఉన్నారు.

ఇదంతా మీ సొంత ప్రాజెక్టులోనే సుమా. కాలేజీ సైట్ మీదో, సర్కారు పోర్టల్ మీదో ‘ఊరికే 42 కొట్టి చూశాను సార్’ అంటే ఐటీ చట్టంలో 43, 66 అని రెండు సెక్షన్లు ఉన్నాయి, అవి ఊరికే వదలవు.